అత్తమ్మ వేళ్లు, మోదుగ నీళ్లు

మా అత్తమ్మకు నా డిగ్రీ మీద ఉన్న అభ్యంతరం ఒక్కటే. కనపడే పనులు ఇంటి నిండా పడి ఉండగా, కంటికి కనపడనివాటి గురించి మూడేళ్లు కూర్చుని చదవడం ఏమిటని. ఆ అభ్యంతరంలో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అప్పుడు మాత్రం ఒళ్లు మండేది.

ఎనభైల చివర్లో నేను ఆర్మూర్‌కు కోడలిగా వచ్చాను. మా తల్లిగారి ఊరు భీమ్‌గల్. హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి మైక్రోబయాలజీ చదివాను. మా ఆయన హైస్కూల్లో లెక్కల సారు. మామయ్యది పసుపు చేను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆర్మూర్‌లో తెల్లచీర కట్టుకోవడం శుద్ధ దండగ. పసుపు తవ్వడం, ఉడకబెట్టడం, ఎండబెట్టడం, మార్కెట్‌కు తోలడం అన్నీ ఆ రోజుల్లోనే. గాలి పచ్చగా ఉంటుంది. మా ఆయన దిద్దిన పరీక్ష పేపర్లు పచ్చని వేలిముద్రలతోనే పిల్లల దగ్గరికి తిరిగి వెళ్లేవి. ఎన్ని మార్కులు వచ్చాయో తర్వాత, సారు ఇంట్లో ఇవాళ పసుపు ఉడికిందా లేదా అన్నది ముందు తెలిసేది.

ఇలాంటి ఊళ్లో, ఇలాంటి ఇంట్లో ఉండి, మా అత్తమ్మ పసుపును మందుగా నమ్మేది కాదు. ఆమె నమ్మకమంతా మోదుగ పువ్వు మీద.

"పసుపు అమ్ముకునేటందుకు. ఒంటికి మోదుగే" అనేది.

హోలీకి ముందు భీమ్‌గల్ గుట్టల్లో మోదుగలు విరగబూస్తాయి. నన్ను కోడలిగా చేసుకోవడానికి అసలు కారణం ఆ గుట్టలే అని నా అనుమానం. ప్రతి ఏడూ మా తమ్ముడు ఒక గోనెసంచి నిండా పువ్వులు నింపి ఆర్టీసీ బస్సు మీద వేసి పంపేవాడు. అత్తమ్మ వాటిని నీడలో ఆరబెట్టి, ఇత్తడి గుండిగలో ఉడకబెట్టేది. నారింజ రంగు నీళ్లు దిగేవి. హోలీనాడు ఇంట్లో అందరి నెత్తిమీదా అవే నీళ్లు. ఆ తర్వాత ఎండాకాలమంతా చెమటకాయలకు అవే, దురదలకు అవే, మామయ్య మడమల పగుళ్లకు అవే. ఒకసారి బర్రెకు కూడా పోసింది. అది మూడురోజులు సింగారించుకున్నట్టు తిరిగింది.

మా గల్లీలో ఎవరికి పుండైనా, గాయమైనా మొదట మా గడపే ఎక్కేవారు. ఆమె మోదుగ నీళ్లతో కడిగి, పాత నూలుచీర చింపి కట్టుకట్టేది. మంచి హస్తవాసి అని పేరు. ఆ పేరంటే ఆమెకు ప్రాణం. ఎదురింటి పెద్దమ్మ ఒక్కతే ఒప్పుకునేది కాదు. ఆవిడ పసుపు పార్టీ. తెగినా పసుపే, కాలినా పసుపే, కొడుక్కి జలుబు చేసినా, మోటారు ఇంజన్ పనిచేయకపోయినా పసుపే. ఇద్దరూ ఒకరినొకరు 'వదినె' అని ఎంతో ప్రేమగా పిలుచుకునేవారు. ఒకరు కట్టిన కట్టును ఇంకొకరు విప్పి చూసి నవ్వుకునేవారు.

నేను వచ్చిన రెండో ఏడు బస్టాండ్ దారిలో ఒక చిన్న ప్రైవేటు దవాఖాన తెరిచారు. ల్యాబ్‌లో పనిచేసే మనిషి కావాలన్నారు. డాక్టరు గారు నా సర్టిఫికెట్లు చూసి, హోలీ దాటాక వచ్చి చేరమన్నారు. మా ఆయన సరేనన్నాడు. మామయ్య తల ఎత్తకుండా అన్నం తిన్నాడు, అంటే సరేనన్నట్టే. అత్తమ్మ మాత్రం చెంబు ఠపీమని పెట్టింది.

"మంది ఉచ్చలు, తెమడలు చూసేటందుకా నిన్ను తెచ్చుకున్నది?"

వారం రోజులు ఇంట్లో ఆ మాటే నడిచింది. ఎనిమిదో రోజు నాకు జలుబు చేసింది. అత్తమ్మ గుండిగెడు మోదుగ నీళ్లు వేడి చేసి చెంబుతో నా నెత్తిన గుమ్మరించబోయింది. నాకు కోపం నషాళానికెక్కింది.

"అత్తమ్మా, ఈ పువ్వు పనిచేస్తదని ఎవరన్నా చూసిన్రా? పరీక్ష చేసిన్రా? ఊకె పోసుడేనా?"

ఆమె చెంబు దించింది. నేను తిట్లకు సిద్ధమయ్యాను. తిట్టలేదు.

"అయితె నువ్వే చూపెట్టు. గంత సదువుకున్నవ్ గద. నా పువ్వుకు గుణం ఉన్నదో లేదో నీ సదువుతోని చూపెట్టు. చూపెడితె హోలి ఎల్లినంక దవాఖానకు పో. నేను అడ్డం రాను. చూపెట్టకపోతె గా ముచ్చట మల్ల ఎత్తద్దు."

అదే సమయానికి చింతపండు బదులడగడానికి వచ్చిన ఎదురింటి పెద్దమ్మ గుమ్మంలోనే నిలబడి అంతా విన్నది.

"నా పసుపు గూడ పెట్టు బిడ్డా, ఏది పెద్దదో తేలిపోతది" అని చింతపండు మరచిపోయి వెళ్లింది.

అలా నా ఉద్యోగం ఒక పువ్వు మీద పడింది.

చదువు అయిపోయినప్పుడు కాలేజీ ల్యాబ్‌లో పక్కన పడేసిన పెట్రి డిష్‌లు ఆరు అడిగి తెచ్చుకున్నాను. మూతలున్న చిన్న గాజు పళ్లాలు అవి. అంచులు కొద్దికొద్దిగా విరిగాయి కానీ పనికొస్తాయి. వాటిలో సూక్ష్మజీవులు పెరగడానికి ఒక రకం జెల్లీ పోయాలి. జెల్లీకి కావాల్సిన అగర్ ఊళ్లో దొరకదు అనుకున్నాను. దొరికింది. కిరాణా దుకాణంలో చైనా గ్రాస్ అని అమ్మేది అదే. ఇక వాటి తిండికి మాంసం రసం కావాలి. ఆదివారం వండిన మటన్ షోర్వాలో కారం వేయకముందే ఒక గిన్నెడు తీసి పక్కన పెట్టాను.

"పురుగులకేమో షోర్వా, నాకేమో పప్పు" అన్నాడు మా ఆయన, తన పళ్లెం చూసుకుంటూ.

ఆ మాట అన్నాడే కానీ అందరికంటే ఎక్కువ సంబరపడింది అతనే. స్కూలు నుంచి పంచింగ్ మిషన్ తెచ్చి, అద్దుడు కాగితానికి టకటకా రంధ్రాలు కొట్టాడు. మనకు కావాల్సింది రంధ్రాలు కాదు, కింద రాలే గుండ్రటి ముక్కలు. ఒక్కో ముక్కను ఒక్కో మందులో ముంచి జెల్లీ మీద పెట్టాలి. నాకు తొమ్మిది చాలు. అతను నాలుగు వందలు కొట్టి, మళ్లీ లెక్కపెట్టాడు.

పరీక్ష ఎలా చేస్తారో అత్తమ్మకు చెప్పాను. జెల్లీ మీద పురుగులను పూస్తాం, అవి మొలుస్తాయి. కాగితంలోని మందు పనిచేస్తే దాని చుట్టూ మాత్రం మొలవవు, గుండ్రంగా ఖాళీ జాగా మిగులుతుంది. పనిచేయకపోతే కాగితం అంచుదాకా మొలుస్తాయి. ఒక కాగితం మోదుగ నీళ్లది, ఒకటి పసుపు నీళ్లది, ఒకటి వట్టి నీళ్లది. మా మేడంకు ఇది మా క్లాసుకు ఎక్కించడానికి వారం పట్టింది. అత్తమ్మకు ఒక్క నిమిషం చాలింది.

"షోర్వా చేను. పురుగులు పంట. నా పువ్వు మందు. మందు పడ్డకాడ పంట మొలవద్దు. గంతే గద?"

అంతే.

ఇప్పుడు పురుగులు కావాలి. ఇక్కడే తిప్పలొచ్చింది. మీ ఒంటి మీద నుంచి కొంచెం తీసుకుంటాను అంటే ఇంట్లో ఎవరూ ఊరుకోరు. మా ఆయన తాను సబ్బుతో స్నానం చేస్తానని గుర్తుచేశాడు. అత్తమ్మ అసలు ఆ ప్రశ్న తనను అడగలేదన్నట్టు లోపలికి వెళ్లిపోయింది. చివరికి మామయ్య మంచం మీద నుంచి రెండు కాళ్లూ చాపాడు.

"నా మడిమెలు సూడు బిడ్డా. ముప్పై ఏండ్ల సరుకు."

దూది పుల్లతో ఆ పగుళ్లలో రుద్ది జెల్లీ మీద పూశాను. మామయ్య ఆ సాయంత్రం చాయ్ హోటల్లో, తన కాలిని కోడలు పరీక్షకు పెట్టిందని పదిమందికి చెప్పుకుని వచ్చాడు.

మూడు డిష్‌లు తయారయ్యాయి. వాటిని ఒకటి రెండు రోజులు మన ఒంటి వేడిలో ఉంచాలి. కాలేజీలో దానికి కరెంటు పెట్టె ఉండేది. మాకు ఆ పెట్టె లేదు, ఉన్నా కరెంటు ఉండదు. అప్పుడు మామయ్య ఒక ఉపాయం చెప్పాడు. ఉడికిన పసుపు కొమ్ములు కుప్పపోసి గోనెసంచులు కప్పితే తెల్లారేదాకా వెచ్చగా ఉంటాయట. నాకు ఎంత నచ్చిందో చెప్పలేను. పసుపు ఊళ్లో పసుపు కుప్పే ఇంక్యుబేటర్! డిష్‌లను న్యూస్‌పేపర్‌లో చుట్టి, కుప్పలోకి మోచేతి దాకా తోసి వచ్చాను. ఎంత వేడి ఉందో చూడనేలేదు. నా చెయ్యి చురుక్కుమన్నది, ఉత్సాహంలో పట్టించుకోలేదు.

మర్నాడు నేను లేచేసరికే కూలి ఆడవాళ్లు వచ్చి సంచులు తీసేసి, కుప్ప మొత్తం కల్లంలో పరిచేశారు. కొమ్ముల మధ్య న్యూస్‌పేపర్ పొట్లాలు వెతుక్కున్నాను. రెండు డిష్‌లలో జెల్లీ కరిగి కారిపోయింది. మూడోదాంట్లో ఉంది కానీ దాని మీద ఒక్క చుక్క కూడా మొలవలేదు. మామయ్య ముప్పై ఏళ్ల సరుకు ఒక్క పూటలో ఉడికి చచ్చింది. ఒక మూత దొరకనే లేదు. మధ్యాహ్నం చూస్తే ఒక కూలి అక్క పచ్చడి గిన్నె మీద ఉంది.

"మంచిగ సరిపోయింది, తియ్య" అన్నది. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చేసరికి అత్తమ్మ గెలిచినట్టు కూర్చుంది. "సచ్చినయా లేదా? నా పువ్వుకు అన్నీ సచ్చినయి."

"అత్తమ్మా, వట్టి నీళ్ల కాగితం దగ్గర కూడ చచ్చినయి. నీళ్లకు చస్తే పువ్వు గుణమెట్ల అయితది?"

"నీళ్లకు గూడ సచ్చినయంటె మా బావి నీళ్లు గంత మంచియన్నట్టు" అన్నది.

రెండోసారి చేయాల్సిందే అని పట్టుబట్టాను. హోలీ ఇంకా వారముంది.

ఈసారి వేడి ఎక్కడ దొరుకుతుందా అని ఇల్లంతా చేతులు పెట్టి చూస్తూ తిరిగాను. వసారా మూలలో గంప కింద అత్తమ్మ కోడి పదకొండు గుడ్ల మీద పొదుగుతోంది. దాని పొట్ట కింద చెయ్యి పెట్టాను. పొడిచింది, కానీ ఆ వేడి! మనిషి ఒంటికంటే ఒక పిసరు ఎక్కువ, పగలూ రాత్రీ ఒకటే తీరు. ఏ కాలేజీలోనూ ఇంత నమ్మకమైన పెట్టె చూడలేదు.

అత్తమ్మ ఒప్పుకోలేదు. "నీ పురుగులు నా పిల్లలకు అంటితె?"

చీరల దుకాణం పాలిథిన్ కవర్లో చుట్టి, దారంతో కట్టి చూపించాను. కోడి ఏమనుకుంటుందో అని ఇంకాసేపు దిగులుపడింది. చివరికి రెండు డిష్‌లకే ఒప్పుకుంది. రెండింటిలో ఒకటి మామయ్య మడమది, మూడు కాగితాలతో. రెండోది మా ఇద్దరి గొడవలో పుట్టింది.

జెల్లీ పోస్తుంటే నేను సబ్బుతో చేతులు కడుక్కోవడం చూసి ఆమె నవ్వింది. చేతులకు పురుగులేమిటన్నది. అందరి చేతులకూ ఉంటాయన్నాను.

"అందరి ముచ్చట నాకెర్క లేదు. నాది మందికి పుండ్లు కడిగే చెయ్యి. దీనికి పురుగులెక్కడియి?"

ఆ ధీమా నాకు నచ్చలేదు. నచ్చకపోవడమే కాదు, ఆ క్షణంలో ఆమెను ఓడించాలని బుద్ధి పుట్టింది. "అయితే వేళ్లు పెట్టండి, చూద్దాం" అని డిష్ ముందుకు తోశాను. ఆమె చెంబెడు నీళ్లతో చెయ్యి కడుక్కుని, కొంగుకు శుభ్రంగా తుడుచుకుని, కుడిచేతి నాలుగు వేళ్లూ జెల్లీ మీద ఒత్తింది. వేలిముద్ర వేసేటప్పుడు ఎంత గట్టిగా నొక్కుతారో అంత గట్టిగా. ఆమె నడిమి వేలు కొస ఏటవాలుగా తెగి ఉంటుంది. చిన్నప్పుడు మక్క చేనులో కొడవలి తగిలిందట. ఆ గాటుతో సహా దిగింది.

చీటీలు రాసి అన్నం మెతుకులతో అతికించాను. ఒకటి 'మామయ్య మడమ', ఇంకొకటి 'అత్తమ్మ చెయ్యి'. అత్తమ్మకు చదవడం రాదు. ఏ చీటీ ఏదో వేలు పెట్టి అడిగి తెలుసుకుంది.

రెండు రోజులు కోడి కూర్చుంది. నేనూ దాని ఎదురుగానే కూర్చున్నాను. అది నన్ను చూసి గుర్రుమనేది. మూడోరోజు పొద్దున్నే, ఎవరూ లేవకముందు పొట్లాలు తీసి విప్పాను.

మొదటి డిష్ చూసి అరిచినంత పనిచేశాను. మామయ్య మడమ పురుగులు అంతటా తెల్లగా మొలిచాయి. వట్టి నీళ్ల కాగితం అంచుదాకా మొలిచాయి. పసుపు కాగితం చుట్టూ పచ్చని మరక ఉంది కానీ ఆ మరక మీద కూడా హాయిగా మొలిచాయి. మోదుగ కాగితం చుట్టూ మాత్రం పెసరగింజంత వెడల్పున ఖాళీ. గుండ్రంగా, శుభ్రంగా. ఆ పువ్వుల్లో ఫ్లేవనాయిడ్లని ఒక రకం పదార్థాలుంటాయి. పువ్వుకు ఆ రంగు వాటిదే. కొన్ని ఫ్లేవనాయిడ్లు సూక్ష్మజీవులను పెరగనివ్వవని పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు తెచ్చుకున్నాను. నమ్మింది మాత్రం ఆ పొద్దున కోడిగంప పక్కన గొంతుక్కూర్చునే. పసుపుకు గుణం లేదని కాదు. పసుపు కొమ్ములోని అసలు సరుకు నీళ్లలో కరగదు. కరగనిది జెల్లీలోకి పాకదు. పెట్టినచోటే కూర్చుంటుంది. మోదుగ పువ్వుది నీళ్లలో దిగి, పాకుతుంది. ఒక గాజు పళ్లెంలో పనిచేసింది మనిషి పుండు మీద కూడా అంతే పనిచేస్తుందనడానికీ లేదు. అయినా మా పందెం పళ్లెం వరకే కదా.

తర్వాత రెండో డిష్ విప్పాను.

నాలుగు వేళ్లు. ముద్రలు కావు, నాలుగు వేళ్ల ఆకారంలో మొలిచిన తోట. తెల్లవి, పచ్చవి, ఒకచోట నారింజ రంగుది కూడా. నడిమి వేలు కొసన ఏటవాలుగా గాటు. నిజం చెప్పాలంటే మొదట గెలిచానని సంతోషమేసింది. మరుక్షణం వీధి తలుపు వైపు చూశాను. ఇంకాసేపట్లో ఎదురింటి పెద్దమ్మ ఫలితం చూడ్డానికి వస్తుంది. ఆమె చూస్తే పొద్దు గూకేలోగా గల్లీ అంతా తెలుస్తుంది. రేపటినుంచి ఆ గడప ఎక్కి పుండు కడిగించుకునేది ఎవరు? ఆమె కలిపిన మామిడికాయ తొక్కు ముట్టేది ఎవరు? ఆ వేళ్లు పెట్టమన్నది నేనే, అదీ కోపంతో. నాకు నామీదే అసహ్యమేసింది.

లోపలికి వెళ్లి, ఆ చీటీ గీకేసి, 'మామయ్య చెయ్యి' అని కొత్తది రాసి అతికించాను. పళ్లు తోముకుంటున్న మామయ్య చెవిలో సంగతి వేశాను.

"పెట్టు, నాకేం పోయేదున్నది. మడిమెలు నావే, చెయ్యి గూడ నాదే" అని ఉమ్మేసి ఒప్పుకున్నాడు.

ఎండ ముదరకముందే పెద్దమ్మ వచ్చింది. అత్తమ్మ పీట వేసింది. మా ఆయన స్కూలుకు వెళ్లకుండా చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆలస్యం చేస్తున్నాడు. నేను మొదటి డిష్ ముందుపెట్టి వివరించాను. మోదుగ చుట్టూ ఖాళీ జాగా చూసి అత్తమ్మ కొంగు నిండుగా కప్పుకుని కూర్చుంది. ఆ కూర్చోవడంలోనే అన్నీ ఉన్నాయి.

పెద్దమ్మ మాత్రం పసుపు కాగితాన్ని చూసి మండిపడింది. "గిది ఎవరి చేనుది?"

"మాదే" అన్నాడు మామయ్య.

"గదే మరి. మా చేను కొమ్ము పెట్టుంటె సచ్చేటియి."

ఈ మాటకు మామయ్య నొచ్చుకున్నాడు. చేను సంగతి, ఎరువు సంగతి, పోయినేడు మార్కెట్‌లో ఎవరి కొమ్ములు మెరిశాయన్న సంగతి మొదలైంది. హమ్మయ్య, రెండో డిష్ మరచిపోయారనుకుని కొంగు కింద దాచబోయాను.

"గదేంది?" అన్నది పెద్దమ్మ.

"ఇది... మామయ్య చెయ్యి" అన్నాను.

ఆవిడ డిష్ లాక్కుని వెలుగుకు పట్టింది. ఎన్నోసార్లు ఆవిడ కొడుకుల గాయాలకు కట్టుకట్టిన చెయ్యి అది. మోదుగ వద్దంటూనే ఆవిడ వాళ్లను పంపిస్తూ ఉండేది. ఆ చేతిని ఆవిడ గుర్తుపట్టకపోవడం ఎలా జరుగుతుంది?

"అన్నకు నడిమి వేలు ఎప్పుడు తెగింది?" అన్నది.

మామయ్య తన వేలును చూసుకున్నాడు, ఏమో తెగిందేమో అన్నట్టు. అత్తమ్మ లేచి డిష్ తీసుకుని, మూత మీద తన నాలుగు వేళ్లు ఆనించింది. సరిగ్గా సరిపోయాయి. చీటీని చూసి కొడుకు వైపు తిప్పింది.

"ఏం రాసున్నదో సదువు."

లెక్కల సారు తల్లి ముందు అబద్ధం చెప్పలేడు, పెళ్లాన్ని పట్టించనూలేడు. "మామయ్య చెయ్యి" అని, రాసింది రాసినట్టు చదివి, చెప్పులు వేసుకోకుండానే స్కూలుకు బయల్దేరాడు.

అత్తమ్మ నా వైపు తిరిగింది. "దవాఖానల గూడ గిట్లనే పేర్లు మారుస్తవా? మంచిగున్నోని పేరు మీద రోగం, రోగమున్నోని పేరు మీద మంచితనం రాస్తవా? ఒకని మందు ఇంకొకడు మింగి సస్తె?"

"మీకు తలవంపులు వస్తాయని..." అన్నాను.

"నా పువ్వు గెలిచింది గని, నువ్వు ఓడినవ్" అని ఆమె వంటింట్లోకి వెళ్లిపోయింది.

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. కానీ అప్పుడు నన్ను ఏడిపించింది ఉద్యోగం కాదు. ఆమె చెప్పిన ఒక్కో మాటా నిజం కావడం. మూడేళ్ల చదువులో మా మేడం వందసార్లు చెప్పింది, చీటీ తప్పితే పరీక్షే తప్పు అని. నేను వందసార్లు రాసుకున్నాను. మొదటిసారి అవసరమొచ్చినప్పుడే తప్పాను.

కళ్లు తుడుచుకుని, ఆ చీటీ పీకేసి, మళ్లీ పెద్ద అక్షరాలతో రాశాను. వంటింటి గడప దగ్గర నిలబడి, పెద్దమ్మకు కూడా వినబడేలా చదివాను: "అత్తమ్మ చెయ్యి. పురుగులు మస్తుగ ఉన్నయి. అందరి చేతుల మీదా ఉండేటియే."

అత్తమ్మ పొయ్యి ముందు నుంచి లేవకుండానే అన్నది, "అందరి చేతులకు ఉంటయని రాసినవ్ గద. ఏదీ, వదినె చెయ్యి మీద సూపెట్టు."

పెద్దమ్మ రెండు చేతులూ కొంగు కింద దాచేసింది. తనకు పొయ్యి మీద పాలున్నాయన్నది. అత్తమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అయిదు నిమిషాల తోపులాట తర్వాత, మామయ్య కూడా ఒక చెయ్యి వేయగా, జెల్లీ పోసి మూతపెట్టి ఉంచిన నా చివరి డిష్ మీద పెద్దమ్మ వేళ్లు పడ్డాయి. ఆ కోడి పాపం మళ్లీ రెండు రోజులు మోసింది. హోలీనాడు పొద్దున విప్పితే, పెద్దమ్మ తోట ముందు అత్తమ్మది బీడు భూమి. అత్తమ్మ ఆ రెండు డిష్‌లూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

"మస్తు పండింది వదినెకు" అన్నది. ఆ ముఖంలో వెలుగు నేను మళ్లీ ఎన్నడూ చూడలేదు.

అప్పుడు ఆ డిష్‌లు కుక్కర్లో పెట్టి ఉడకబెట్టి పారేయాలన్నాను. "నా చెయ్యినే ఉడకబెడ్తవా?" అంటూనే పొయ్యి ఆమే అంటించింది. హోలీ నీళ్లు అందరికీ పోసి, చివర నా నెత్తిన గుమ్మరిస్తూ, నేను కళ్లు మూసుకుని ఉన్నప్పుడు చెప్పింది. "రేపు దవాఖానకు పో. చీటీలు సక్కగ రాయి." ఆ మర్నాటి నుంచి ఆమె ఎవరి పుండు కడిగే ముందైనా సబ్బుతో చేతులు కడుక్కునేది, కొంగుకు తుడుచుకునేది కాదు. మోదుగ నీళ్లు మాత్రం మానలేదు. పదకొండు గుడ్లలో తొమ్మిది పిల్లలయ్యాయి. తక్కిన రెండూ నా ఖాతాలోనే.

ఆ ల్యాబ్‌లో పదేళ్లు పైనే పనిచేశాను. తొంభైల చివర్లో ఒక బతుకమ్మ ముందు అత్తమ్మకు కాళ్లు తిమ్మిర్లు పడుతున్నాయని డాక్టరు గారు షుగర్ పరీక్ష రాశారు. వేలి నుంచి రక్తం తీసింది నేనే. ఏ వేలైనా ఫరవాలేదన్నాను. ఆమె ఆ గాటున్న వేలే చాపింది. ఫలితం వచ్చాక ఎవరూ లేకుండా చూసి, నా బల్ల దగ్గరికి వంగింది.

"బిడ్డా, జర తక్కువ రాయరాదు? పండుగకు రెండు బెల్లం మలీద ముద్దలు తింట."

నేను పెన్ను పట్టుకుని ఆమె ముఖం చూశాను. ఆమె నా ముఖం చూసింది. తర్వాత తన వేలు చూసుకుంది. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఎంత నవ్వామంటే డాక్టరు గారు గది నుంచి బయటికొచ్చి ఏమైందని అడిగారు. ఏం లేదన్నాం.

"ఉన్నది ఉన్నట్టే రాయి" అన్నది అత్తమ్మ, కొంగుతో కళ్లు తుడుచుకుంటూ. రాశాను. పైన పేరు కూడా ఆమెదే రాశాను.